పాత పుస్తకాల షాపు పెట్టాలనుకునేవాళ్ళకి: కాటా దగ్గర మొదలై కాటా దగ్గరే ఆగే మార్గదర్శి

నెలకి ఇద్దరు ముగ్గురైనా షాపులోకి వచ్చి, ర్యాకుల మధ్య గంటసేపు తిరిగి, వెళ్ళేముందు కౌంటర్ దగ్గర ఆగి అదే మాట అంటారు: "రిటైరయ్యాక నేను కూడా ఇలాంటిదొకటి పెట్టుకుని హాయిగా చదువుకుంటూ కూర్చుంటానండీ." నేను నవ్వి టీ చెప్తాను. ఆ మాటలో చదువుకుంటూ కూర్చోవడం ఒక్కటే జరగని పని. విజయవాడ ఏలూరు రోడ్డు పక్క సందులో పదకొండేళ్ళుగా ఈ షాపు నడుపుతున్నాను. కౌంటర్లో కూర్చుని మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివిన పుస్తకాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. అట్ట, వెన్ను, ముద్రణ వివరాల పేజీ, ఆఖరి పేజీ మాత్రం కొన్ని వేల పుస్తకాలవి చదివాను.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. కొత్త పుస్తకాల షాపు అమ్మకం మీద నడుస్తుంది. మనది కొనుగోలు మీద నడుస్తుంది. ఏది ఎంతకి కొన్నాం, ఏది వద్దన్నాం అన్న దగ్గరే లాభం నష్టం తేలిపోతాయి. అమ్మడం ఆ తర్వాతి తంతు. అందుకే ఈ రాతలో సగం కొనడం గురించే ఉంటుంది.

మొదటి అడుగు: ఆరు నెలలు కొనేవాళ్ళుగా తిరగండి

అడ్వాన్సు కట్టేముందు కాళ్ళు అరగదీసుకోండి. హైదరాబాద్‌లో ఉంటే ఆదివారం అబిడ్స్‌కి వెళ్ళండి. ఆ రోజు షాపులు మూసి ఉంటాయి కాబట్టి వాటి ముందు ఫుట్‌పాత్ పొడుగునా పుస్తకాలు పరుస్తారు. పొద్దున ఒక ధర, సాయంత్రం గోతాల్లో సర్దుకునే వేళకి ఇంకో ధర. కోఠీలో కాలేజీ పుస్తకాల బేరం తీరే వేరు. మా ఊళ్ళో అయితే లెనిన్ సెంటర్. మామూలు రోజున ఒకసారి, కాలేజీలు తెరిచిన వారం ఒకసారి అక్కడ నిలబడి చూడండి.

చేతిలో ఒక నోటుబుక్కు ఉంచుకోండి. ఏ పుస్తకానికి ఎంత చెప్పారు, ఎంతకి ఇచ్చారు, పోయిన వారం ఉన్నది ఈ వారం ఉందా, ఈ మూడూ రాయండి. మూడు నెలలుగా అదే మూల, అదే దుమ్ముతో ఉన్న పుస్తకం ఏదో చూసుకోండి. అలాంటివి మీ ఇంట్లో ఎన్ని ఉన్నాయో కూడా లెక్కపెట్టుకోండి. నేను మొదట్లో నాకు ఇష్టమైనవి ఏరి ఏరి రెండు వేల పుస్తకాలు కొన్నాను. నాలుగేళ్ళ తర్వాత కూడా అందులో ఆరువందలు నా మొహం చూస్తూ కూర్చున్నాయి. మనకి నచ్చిన పుస్తకం వేరు, కదిలే సరుకు వేరు.

రెండో అడుగు: రోజుకి ఎన్ని పుస్తకాలు అమ్మాలో ముందే తేల్చుకోండి

ఇవి నా అంకెలు. మీ ఊరి అద్దె వేసుకుని మార్చుకోండి. రెండువందల చదరపు అడుగుల గదికి అద్దె 12,000. కరెంటు 1,500. కుర్రాడి జీతం 9,000, సగం పూటే వస్తాడు. టీలు, కవర్లు, ఆటో కిరాయిలు 3,500. మొత్తం 26,000.

సగటున ఒక పుస్తకం 90 రూపాయలకి పోతుంది. దాన్ని కొనడం, మోయడం, తుడవడం, దాంతోపాటు వచ్చి అమ్ముడుపోకుండా మిగిలినవాటి ఖర్చు, అన్నీ కలిపితే 25 పడుతుంది. అంటే పుస్తకానికి మిగిలేది 65. అద్దె, జీతం గడవాలంటేనే నెలకి 400 పుస్తకాలు, నెలకి 26 పనిదినాలు వేసుకుంటే రోజుకి 15 పైన. ఇందులో నాకు ఒక్క రూపాయి లేదు. నేను ఇంటికి 20,000 తీసుకెళ్ళాలంటే నెలకి 700 దాటాలి, రోజుకి 27. వాన పడిన రోజు నలుగురు వస్తారు, అందులో ఇద్దరు తడవకుండా నిలబడ్డానికి.

షాపు తెరిచే రోజుకి కనీసం మూడు వేల పుస్తకాలు కావాలి. అంతకన్నా తక్కువుంటే అరలు బోసిపోతాయి, వచ్చినవాళ్ళు రెండోసారి రారు. సరుకుకి 75,000, ఇనప ర్యాకులు డజనుకి 42,000, మూడు నెలల అడ్వాన్సు 36,000, బోర్డు, లైట్లు 15,000, మూడు నెలల ఖర్చు చేతిలో 78,000. దగ్గర దగ్గర రెండున్నర లక్షలు. ఈ డబ్బు అప్పు తెచ్చి పెట్టేదైతే మాత్రం వద్దు. వడ్డీ నెలనెలా కదులుతుంది, పుస్తకం అలా కదలదు.

మూడో అడుగు: సరుకు. అసలు పని ఇదే

సరుకు ప్రధానంగా మూడు దారుల్లో వస్తుంది. మొదటిది పాత పేపర్ల షాపులు. ప్రతి పేటలోనూ ఒకటుంటుంది, కాటా ముందు బీరు సీసాలు, వెనక న్యూస్‌పేపర్ల కట్టలు. పుస్తకాలు అక్కడికి కిలోల లెక్కన వచ్చి, పేపరు మిల్లుకి అదే లెక్కన పోతాయి. మధ్యలో మనం చెయ్యి పెట్టాలి. ఒకటి రెండు షాపులతో నెలల తరబడి స్నేహం చేస్తే వాళ్ళే ఫోన్ చేస్తారు, "సార్, మంచి మాలు వచ్చింది, రేపు లారీ ఎత్తేస్తారు" అని. ఆ 'రేపు' నిజమే. ఆ రాత్రికే వెళ్ళాలి. మిల్లు వాడిచ్చే దానికి మూడింతలు ఇవ్వండి, పరవాలేదు. ఒకసారి గీసి గీసి బేరమాడారా, ఆ తర్వాత మంచి గోతం మీకన్నా ముందు ఇంకెవరి దగ్గరికో పోతుంది.

రెండోది మూతపడిన అద్దె లైబ్రరీలు. ఒకప్పుడు వీధి వీధికీ ఉండేవి, రోజుకి ఇంత అని నవల అద్దెకి ఇచ్చేవాళ్ళు. వాటి సరుకు చూడగానే తెలుస్తుంది. గట్టి అట్ట, కుట్టు బైండు, లోపల అద్దె లెక్కల చీటీ, మధ్యలో వేళ్ళ మరకలు. ఆసక్తికరమైన ఘట్టం దగ్గర పేజీలు ఎక్కువ నలిగి ఉంటాయి, ఏ విమర్శకుడూ అంత నిజాయితీగా చెప్పడు. కొనేముందు మాత్రం ఆఖరి పేజీలు చూడండి. అద్దె నవలకి ఆఖరి పేజీ ఉండటం అదృష్టం.

మూడోది ఇళ్ళు. మంచి సరుకంతా ఇళ్ళలోంచే వస్తుంది. కష్టం కూడా అక్కడే.

కొన్నేళ్ళ కిందట సత్యనారాయణపురంలో ఒక ఇంటికి పిలిచారు. రిటైరైన లెక్చరర్ గారు పోయారు, సంవత్సరీకం కూడా అయిపోయింది. ఇల్లు అపార్ట్‌మెంటుకి ఇచ్చేశారు, నెలలో ఖాళీ చేయాలి. కొడుకు డల్లాస్ నుంచి వాట్సాప్‌లో వీడియో కాల్. "అంకుల్, మొత్తం కలిపి ఎంతిస్తారు?" అని మొదటి ప్రశ్న. ఆ ప్రశ్నకి ఎప్పుడూ వెంటనే జవాబు చెప్పకండి. "రెండు గంటలు చూస్తానమ్మా, తర్వాత చెప్తాను" అని లెక్చరర్ గారి భార్యకే చెప్పి కింద కూర్చున్నాను.

చూసే పద్ధతి ఇది. ముందు పుస్తకం తియ్యకుండా అరలన్నీ ఒకసారి చూడాలి. చదివినాయన ఎలాంటివారో అర్థమవుతుంది. తర్వాత ఒక అర మొత్తం దించి మూడు కుప్పలు పెట్టాలి. విడిగా ధర కట్టాల్సినవి మొదటి కుప్ప. పుస్తకానికి ఇంత అని కలిపి తీసుకునేవి రెండోది. కిలో లెక్కకే పనికొచ్చేవి మూడోది. ఆ ఒక్క అరలో తేలిన పాళ్ళని మిగతా అరలకి వేసుకుంటే దగ్గర్లో లెక్క వస్తుంది. మొదటి కుప్పకి నేను అమ్మబోయే ధరలో మూడోవంతు ఇస్తాను, రెండోదానికి పాతికశాతం కన్నా కాస్త తక్కువ. ఈ లెక్క దాచను, వాళ్ళ ముందే కాగితం మీద రాసి చూపిస్తాను. "బయట మూడువందలకి అమ్ముతారుగా, మాకు వందేనా?" అని అడుగుతారు. "అమ్ముడయ్యేదాకా దానికి అద్దె కట్టేది నేనే కదండీ" అంటాను. చాలామందికి అక్కడితో సరిపోతుంది.

ఆ రోజు తొమ్మిదివందల పుస్తకాలు. సగం పైగా ఆయన పెన్సిల్ గీతలున్నవే. ఆవిడ కాఫీ ఇచ్చి, కాసేపు నిలబడి అడిగింది: "ఆ గీతలన్నీ రబ్బరుతో చెరిపేస్తావా నాయనా?" చెరపను అన్నాను. ఆవిడ బాధపడుతుందని అన్న మాట కాదది, వ్యాపారంలో కూడా అదే సరైన పని. పాఠ్యపుస్తకంలో గీతలుంటే చెరపాలి, కుర్రాళ్ళు కొనరు. మంచి పాఠకుడు అంచున రాసుకున్న రెండు మాటలు మాత్రం ఇంకో మంచి పాఠకుడికి ముచ్చట. ట్రాలీ ఆటో ఎక్కించేశాక ఆవిడ గేటు దాకా వచ్చి, ఒక కట్ట విప్పించి, అందులోంచి వంటల పుస్తకం ఒకటి తీసుకుని లోపలికి వెళ్ళింది. దాని ధర తీసెయ్యమని అడగలేదు. నేనే తీసేశాను.

ఇళ్ళ నుంచి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ వెన్ను పట్టుకుని తలకిందులుగా దులపండి. నెమలీకలు రాలతాయి, పిల్లలు పెడుతుందని మేత వేసిన ఆకుముక్కతో సహా. ఇన్‌లాండ్ ఉత్తరాలు, బస్సు టికెట్లు, పెళ్ళిపత్రికలు, ఎండిన మల్లెపూలు. ఆ లెక్చరర్ గారి పుస్తకాల్లో ఒక ఎల్‌ఐసీ బాండు, ఐదొందల నోట్లు నాలుగు దొరికాయి. మర్నాడే తీసుకెళ్ళి ఇచ్చాను. ఆ పేటలో తర్వాత మూడిళ్ళ వాళ్ళు పిలిచారంటే దానివల్లే. దొరికినది తిరిగి ఇవ్వడం కన్నా చవకైన ప్రకటన ఇంకొకటి లేదు.

ఇక వద్దనాల్సినవి. ఉచితంగా ఇస్తామన్నా సరే, ఇవి తేవద్దు: సిలబస్ మారిన పాఠ్యపుస్తకాలు, పాత సంవత్సరాల గైడ్లు, సీడీ పోయిన కంప్యూటర్ పుస్తకాలు, ఒక్కో సంపుటం తప్పిపోయిన ఎన్‌సైక్లోపీడియా సెట్లు, చెద ముట్టినవి. వీటిలో చివరిది మరీ ముఖ్యం. ఒక్క చెద పట్టిన అట్టపెట్టె గది మొత్తాన్ని తినేస్తుంది. గ్రంథాలయం ముద్ర ఉన్న పుస్తకం వస్తే, తొలగించినట్టు ఇంకో ముద్ర ఉందా చూడండి. లేకపోతే తీసుకోకండి. దొంగసొత్తని తెలిసి కొనడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం.

ఇళ్ళలో ఒక్కోసారి అటక మీంచి తాళపత్రాల కట్ట దిగుతుంది. దాని మీద ఆశ పెట్టుకోకండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం 75 ఏళ్ళు దాటిన, విలువ ఉన్న రాతప్రతి పురావస్తువు. దాంతో వ్యాపారం చేయాలంటే లైసెన్సు కావాలి. హైదరాబాద్‌లోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికో, తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం ప్రాచ్య పరిశోధన సంస్థకో ఇమ్మని ఆ ఇంటివాళ్ళకే దారి చెప్పండి.

నాలుగో అడుగు: దుమ్ము, జిగురు, పురుగు

ముక్కుకి మాస్కు, చేతికి మెత్తటి పెయింట్ బ్రష్. తడిగుడ్డ అస్సలు వద్దు. పైఅంచు దుమ్ము పుస్తకం గట్టిగా మూసి పట్టుకుని వెన్ను నుంచి బయటికి దులపాలి, అటుదిటు అయితే దుమ్ము లోపలికి పోతుంది. అంచులు మరీ నల్లబడితే సన్నటి ఉప్పు కాగితంతో రెండుసార్లు, అంతే. పాత, అరుదైన పుస్తకానికి అదీ వద్దు.

ఊడిన పేజీకి సెల్లోటేపు వేస్తే నేను ఊరుకోను. మూడేళ్ళలో పసుపు మరకై, అక్షరాలు పట్టుకుని ఊడుతుంది. మైదా జిగురే మంచిది, కాకపోతే పురుగుకి కూడా అది మంచి భోజనం. అందుకే బైండింగు వాళ్ళు ఉడికించేటప్పుడు చిటికెడు మైలుతుత్తం వేస్తారు. అది విషం, పిల్లలకి అందనీయకండి. కలరా ఉండలు అరల వెనక వేయొచ్చు గానీ ఆ వాసనకి కొనేవాళ్ళు కూడా పారిపోతారు. నేను ఎండబెట్టిన వేపాకు, వస కొమ్ము పల్చటి గుడ్డలో మూటకట్టి పెడతాను. అన్నిటికన్నా పెద్ద మందు చెయ్యి. మూడు నెలలకొకసారి ప్రతి పుస్తకాన్నీ తీసి, దులిపి, తిరిగి పెడితే పురుగు కాపురం పెట్టదు.

న్యూస్‌ప్రింట్ మీద అచ్చేసిన నవలలు ఏం చేసినా పచ్చబడతాయి, అంచులు పెళుసెక్కుతాయి. చెక్క గుజ్జులో ఉన్న లిగ్నిన్ అనే పదార్థానికి గాలీ వెలుతురూ తగిలితే జరిగేదే అది. ఆపలేం, ఎండ తగలకుండా పెట్టి ఆలస్యం చేయగలం. షాపు ముందు ఎండలో అందంగా పేర్చిన పుస్తకాలు చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఐదో అడుగు: ధర

ఇప్పటికీ కొత్తగా దొరుకుతున్న పుస్తకానికి సగం ధర, అట్ట నలిగితే మూడోవంతు. ఇందులో ఆలోచించడానికేం లేదు. తెలుగులో పేరున్న పుస్తకాలు చాలావరకు మళ్ళీ మళ్ళీ అచ్చవుతూనే ఉన్నాయి. కాబట్టి 'పాతది కాబట్టి విలువైనది' అనుకుంటే దెబ్బతింటారు. మళ్ళీ మళ్ళీ ముద్రణకి వచ్చిన నవల నలభయ్యేళ్ళ నాటి ప్రతి, కొత్తదాని కన్నా తక్కువే పలుకుతుంది.

విడిగా ధర కట్టాల్సినవి వేరు. ముద్రణ వివరాల పేజీ చదవడం నేర్చుకోండి. మన ప్రచురణల్లో తరచుగా 'ప్రథమ ముద్రణ', దాని కింద 'ప్రతులు: 1000' అని ఉంటుంది. ఎన్ని వేశారో వాళ్ళే చెప్తున్నారు, అందులో ఎన్ని మిగిలుంటాయో మీరు ఊహించాలి. మద్రాసులో 1854లో మొదలైన వావిళ్ళ ప్రచురణ సంస్థ వేసిన సవ్యాఖ్యాన (వివరణతో ఉన్న) ప్రతులు అడిగేవాళ్ళు ఇప్పటికీ వస్తారు. 1924 నుంచి 1991 దాకా నడిచిన 'భారతి' పత్రిక బైండు సంపుటాలకి పరిశోధకులు వస్తారు. 1947 జూలైలో మొదలైన 'చందమామ' పాత సంచికలకి వచ్చేది అరవై దాటినవాళ్ళు, బేరమాడకుండా కొంటారు. మాస్కోలో తెలుగులో అచ్చయి వచ్చిన ప్రగతి, రాదుగ ప్రచురణల సంగతి ఇంకో రకం. గట్టి కాగితం, రంగుల బొమ్మలు, అప్పట్లో కారుచవక. 1991లో సోవియట్ యూనియన్ పోయింది, సరుకు రావడం ఆగింది. నేను షాపు పెట్టిన కొత్తలో పిల్లల బొమ్మల పుస్తకం ఒకటి పదిహేను రూపాయలకి ఇచ్చేశాను. అదే పుస్తకం ఇంకో ప్రతి తర్వాత నేనే నాలుగువందలు పెట్టి కొన్నాను.

అయితే స్కాన్ల సంగతి మరిచిపోకండి. వేలకొద్దీ పాత తెలుగు పుస్తకాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. చదవడానికి మాత్రమే కావాల్సినవాళ్ళు అక్కడే చదువుకుంటారు. మన దగ్గరికి వచ్చేది చేతిలో పట్టుకోవాలనుకునేవాళ్ళు. కాబట్టి అరుదైన పుస్తకానికి కూడా అట్ట, బైండు బాగుంటేనే ధర.

ధర మొదటి ఖాళీ పేజీ పైమూల మెత్తటి పెన్సిల్‌తో రాయాలి. బాల్‌పెన్ను, స్టిక్కరు వద్దు. అచ్చులో ఉన్న 'వెల: రూ. 2-50' కొట్టెయ్యకండి. "రెండున్నర అని ఉంటే రెండొందలంటారేంటి?" అని రోజుకొకరు అడుగుతారు. "అప్పటి రెండున్నర తీసుకురండి సార్, ఇచ్చేస్తాను" అంటాను. ఒకాయన నిజంగానే పాత రూపాయి నోట్లు రెండు, అర్ధరూపాయి బిళ్ళ తెచ్చాడు. ఇచ్చేశాను. ఆ నోట్లు గల్లాపెట్టె అద్దం కింద ఉన్నాయి.

ఆరో అడుగు: సర్దడం

గుమ్మం పక్కన గ్రూప్-2, డీఎస్సీ, నీట్, ఎంసెట్ పుస్తకాలు (పేరు ఈఏపీసెట్ అయినా అడిగేవాళ్ళకి ఎంసెట్టే). అద్దె కట్టేది అవే. సాహిత్యాన్ని లోపల పెట్టండి, దాని కోసం వచ్చేవాళ్ళు లోపలికి వస్తారు. పిల్లల పుస్తకాలు మోకాలి ఎత్తులో. నోటిఫికేషన్ పడిన వారం మిగతా పనులన్నీ ఆపి పోటీ పరీక్షల పుస్తకాలే చూసుకోండి.

రచయితల్ని జనం నోట్లో ఉన్న పేరుతోనే పెట్టాలి, అసలు పేరుతోనో ఇంటిపేరుతోనో కాదు. అకారాది క్రమం బాగానే ఉంటుంది గానీ మా కుర్రాడు ఇంగ్లిష్ మీడియం. 'య' ముందా 'ర' ముందా అంటే ఫోన్లో పాట పెట్టుకుని వెతుకుతాడు. అరల అంచున అక్షరాలు అంటించాను, ఇద్దరికీ గొడవ తగ్గింది.

మూడడుగుల అర నిండా పుస్తకాలు పెడితే పాతిక, ముప్ఫై కిలోలు. మామూలు ప్లైవుడ్ ఏడాదిలో నడుం వంచుతుంది, ఆ తర్వాత మీ నడుం. ఇనప యాంగిల్ ర్యాకులే వేయించండి, గోడకి బిగించండి. ఒక పెట్టెలో పదిహేను కిలోలు దాటనివ్వకండి.

చిన్న మాట: ఊళ్ళో కవిగారు ఎవరికో ప్రేమతో సంతకం చేసి ఇచ్చిన ప్రతి మీ దగ్గరికి వస్తే ముందు వరసలో పెట్టకండి. కవిగారిల్లు రెండు వీధుల అవతలే ఉంటుంది.

ఏడో అడుగు: కాగితాలు

దుకాణాలు, సంస్థల చట్టం కింద కార్మికశాఖలో నమోదు అవసరమో కనుక్కోండి, మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు తీసుకోవాలి. అచ్చు పుస్తకాల మీద జీఎస్టీ లేదు. పుస్తకాలు మాత్రమే అమ్మితే రిజిస్ట్రేషన్ గొడవ ఉండదు. బ్యాగులు, పెన్నులు, బొమ్మలు కూడా పెడితే లెక్క మారుతుంది, ఆడిటర్ని అడగండి.

ఇక్కడ గట్టిగా చెప్పాల్సింది ఒక్కటే. ఫుట్‌పాత్ మీద కవర్లో చుట్టి కొత్తగా మెరిసే ఇంగ్లిష్ బెస్ట్ సెల్లర్లు నూటయాభైకి హోల్‌సేల్‌గా వస్తాయి. అవి చాలావరకు దొంగ ముద్రణలు. అచ్చు మసక, అంచులు కోసుకుపోయిన వరసలు, అట్ట మీద రంగు తేడా, చేతిలో బరువు తక్కువ. కాపీరైటు చట్టం 63వ సెక్షన్ కింద ఆరునెలల నుంచి మూడేళ్ళ జైలు, యాభైవేల నుంచి రెండు లక్షల జరిమానా. అసలు ప్రతిని తిరిగి అమ్మడం మన హక్కు. అరుదైన పుస్తకానికి జిరాక్సు తీసి బైండు చేసి అమ్మడం మాత్రం కాదు, రచయిత పోయి 60 ఏళ్ళు దాటితే తప్ప.

ఎనిమిదో అడుగు: ఫోన్లోనూ ఒక షాపు

ఇప్పుడు నా అమ్మకంలో మూడోవంతు వాట్సాప్, ఫేస్‌బుక్‌ల నుంచే. రాత్రి తొమ్మిదింటికి ఇరవై వెన్నుల ఫొటో పెట్టి ధరలు రాస్తాను. ముందు 'నాకు' అన్నవాళ్ళకే ఇస్తాను, తర్వాత ఎంత పెద్దమనిషి అడిగినా సరే. లోపాలు ఫొటో తీసి చూపించండి. చిరిగిన మూల ముందే చూపిస్తే ఎవరూ ఏమీ అనరు, దాచారో మీ పేరు గ్రూపుల్లో తిరుగుతుంది. పాత తెలుగు పుస్తకాలకి ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు నంబరు) ఉండదు. పెద్ద వెబ్‌సైట్లలో పెట్టాలంటే ప్రతిదీ చేత్తో ఎక్కించాలి, పైగా ఒకే పేరుని ఇంగ్లిష్ అక్షరాల్లో నలుగురు నాలుగు రకాలుగా వెతుకుతారు. నాకు ఆ ఓపిక లేదు.

రాష్ట్రంలో అయితే ఆర్టీసీ కార్గోలో వేస్తాను. రిజిస్టర్డ్ బుక్ పోస్టు 2024 డిసెంబరులో ఎత్తేశాక దూరం పంపడం భారమైంది. 2025 మే నుంచి తపాలా శాఖ జ్ఞాన్ పోస్ట్ పెట్టింది, 300 గ్రాముల దాకా 20 రూపాయలు, ఐదు కిలోలకి వంద, పైన పన్ను. ఏ పుస్తకాలకి వర్తిస్తుందో కౌంటర్లో అడిగి కట్ట కట్టండి.

తొమ్మిదో అడుగు: నీళ్ళు వస్తాయి

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగినప్పుడు నా గోడౌన్ సింగ్‌నగర్‌లో, కింది అంతస్తులో ఉంది. అద్దె తక్కువని తీసుకున్నాను. నీళ్ళు తగ్గాక తలుపు తెరవబోతే తెరుచుకోలేదు. పుస్తకాలు ఉబ్బి లోపలినుంచి నెడుతున్నాయి.

అప్పుడు నేర్చుకున్నది చెప్తాను. తడిసి ముద్దైన పుస్తకాన్ని తెరవకూడదు, పేజీ చిరుగుతుంది. మూసిన పుస్తకాన్ని రెండు చేతులతో మెల్లగా నొక్కి నీళ్ళు పిండాలి. కాస్త ఆరాక నిలువుగా నిలబెట్టి, పేజీలు విసనకర్రలా విప్పి, మధ్య మధ్య న్యూస్‌పేపరు ముక్కలు పెట్టి గంటగంటకీ మార్చాలి. ఫ్యాను గాలి కావాలి, ఎండ వద్దు, అట్టలు వంకరపోతాయి. రెండ్రోజుల్లో బూజు మొదలవుతుంది. అన్నీ ఒకేసారి ఆరబెట్టలేం కాబట్టి విలువైనవి విడివిడిగా ప్లాస్టిక్ కవర్లలో కట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టాలి. గడ్డకట్టిన పుస్తకంలో బూజు పెరగదు, తీరిగ్గా రెండేసి తీసి ఆరబెట్టుకోవచ్చు. గవర్నర్‌పేటలో మా అక్క ఇంట్లో ఐస్‌క్రీములు, కోడిమాంసం బయటికి తీయించి పద్నాలుగు పుస్తకాలు పెట్టాను. పదకొండు బతికాయి. బావగారు ఇప్పటికీ ఫ్రిజ్ తెరిచేముందు నన్ను తల్చుకుంటారట. నున్నటి ఆర్ట్ పేపరు పుస్తకాలు మాత్రం ఒక్కటీ దక్కలేదు. ఆ కాగితం తడిసి ఆరితే పేజీలన్నీ కలిసి ఇటుకవుతాయి.

కాబట్టి గోడౌన్ పై అంతస్తులోనే తీసుకోండి. కింది అర నేలకి అడుగు ఎత్తున ఉండాలి. కిటికీ కింద, బాత్రూము గోడకి ఆనించి ర్యాకు వద్దు. బీమా చేయించేటప్పుడు మంట ఒక్కటే కాదు, వరద కూడా ఉందో లేదో కాగితం చదివి సంతకం పెట్టండి. పాత సరుకు విలువ రుజువు చేయడం కష్టం. ఏ ఇంటి దగ్గర ఎన్ని, ఎంతకి కొన్నారో చిట్టా, నెలకొకసారి అరల ఫొటోలు ఉంచుకోండి. అవి షాపులో కాదు, ఫోన్లో. నా చిట్టా గోడౌన్లోనే ఉండేది.

ఆఖరి అడుగు: తీసెయ్యడం

ప్రతి పుస్తకానికీ వచ్చిన నెల పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. ఏడాదైనా కదలకపోతే సగం ధర. ఇంకో ఆరునెలలు చూసి గుమ్మం బయట 'ఏదైనా ఇరవై' బల్ల మీదికి. జనవరి మొదట్లో మా ఊళ్ళో పుస్తక మహోత్సవం ఉంటుంది, 1989 నుంచి జరుగుతోంది. ఆ జనంలో ఈ బల్ల మీదివి సగం పోతాయి. మిగిలినవాటిలో బాగున్నవి ఏదైనా ఊరి బడికి ఇవ్వండి, అయితే ముందు ఫోన్ చేసి కావాలా అని అడిగి. చెత్తంతా దానమని పంపితే వాళ్ళు మొహమాటానికి తీసుకుని మూలన పడేస్తారు.

అప్పటికీ మిగిలినవి గోతాల్లో కట్టి పాత పేపర్ల షాపుకి. పోయిన నెల ఆరు గోతాలు తీసుకెళ్ళాను. ఆయన కాటా మీద పెట్టి, పై పుస్తకం తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది మీరు మన దగ్గర తీసుకున్నదే కదా సార్?"

అవునన్నాను. కిలో నలభైకి నేను కొన్నది. పన్నెండు కట్టాడు, గోతాల బరువు తీసేసి.